కొట్టేసిన చెట్టు, తగ్గిన ఆయాసం

ఏప్రిల్ 19

ఏదైనా చేశాక బాగైతే, అది చేసినందుకే బాగైందని ఎలా తెలుస్తుంది?

ఎమ్మెస్సీ రోజుల నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. అప్పటి స్నేహితురాళ్ళు లేరు, అప్పటి జుట్టు లేదు, ఇది మాత్రం ఉంది. కోఠిలో మా కాలేజీలో ప్రాక్టికల్స్ అప్పుడు పిల్లల్ని అడుగుతుంటాను. "రెండు కుండీలు పెట్టి, ఒకదాన్లో ఎరువు వేసి, ఇంకోదాన్లో వెయ్యకుండా చూడాలి మేడం" అంటారు. పూర్తి మార్కులు వేసి ఇంటికొస్తాను. ఇంట్లో ఉన్నది ఒకటే కుండీ. పేరు మృదుల. తొమ్మిదో తరగతి అయిపోయింది. జనవరి నుంచి, ఊపిరి తీస్తే సన్నగా ఈల వినిపిస్తోంది.

ఇవాళ అసోసియేషన్ మీటింగ్. ఎజెండాలో ఒకటే అంశం: మన గల్లీలోని కోనోకార్పస్ చెట్లు, అవి చేస్తున్న అఘాయిత్యాలు.

కోదండరామయ్యగారు మాట్లాడారు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా ఎప్పుడో రిటైరయ్యారు గాని, మా గల్లీకి ప్రెసిడెంటుగా రిటైరయ్యే ఉద్దేశం ఆయనకి లేదు. "ఇవి విదేశీ చెట్లండీ. పుప్పొడి చల్లి జనం ఊపిరి తీస్తున్నాయి. మనం చూస్తూ కూర్చున్నాం." ఆయన తల వెనకాల గోడ మీద ఫోటో. మున్సిపాలిటీ వాళ్ళు మా గల్లీలో మొక్కలు నాటిన రోజుది. అందులో పార పట్టుకుని నవ్వుతున్నది ఆయనే. పక్కన పసిమొక్క. ఆ విదేశీయురాలే.

ఎవరో ఫోటో వైపు చూపించారు. ఆయన తిరిగి కూడా చూడలేదు.

"అప్పుడు పచ్చదనం కావాలన్నారు, పెట్టాం. ఇప్పుడు ఊపిరి కావాలంటున్నారు, తీసేస్తాం. జనం మాట వినడం తప్పా?"

ఆయన కారు ఆ చెట్ల కిందే ఆగుతుంది. కాకులు దాని మీద రోజూ తమ అభిప్రాయం వదిలి వెళ్తాయి. ఆ సంగతి ఎజెండాలో లేదు.

చివరికి నా వైపు తిరిగారు. "మన విద్యావతిగారి పాపనే తీసుకోండి. బోటనీ లెక్చరరు ఇంట్లోనే ఆయాసం." అందరూ నన్ను చూశారు, నేనేదో కిటికీలో గంజాయి పెంచుతున్నట్టు.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. "చెట్టేం జేసింది బిడ్డా, గాలొస్తే ఊగుతది. మృగశిర రానియ్యి. నాంపల్లి తోల్కపోయి చేప మందు ఏపిస్త. దమ్ము గిట్ల వోతది" అని చిటికె వేసింది. వంటింట్లోకి వెళ్తూ, ఆమెకున్నంత నమ్మకం ఏ విషయంలోనైనా నాకుందా అని వెతుక్కున్నాను. పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తు రాలేదు.

ఏప్రిల్ 27

ఆయాసం మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం, భోజనాల దగ్గర. ముక్కుకి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించాం. అన్నం చల్లారిపోయింది. ఎవరం తినలేదు.

మే 3

వార్డు ఆఫీసు నుంచి సాయిచైతన్య అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు, నోట్లో 'స్టేక్‌హోల్డర్లు'.

"అంటే ఎవరు బిడ్డా?" అని అత్తయ్య అడిగింది.

"మీరే అమ్మా."

ఆమె చెంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

అతని దగ్గర రెండు పథకాలున్నాయి. ఒకటి, గల్లీ చెత్తంతా గల్లీలోనే ఎరువు చెయ్యడం. దానికి ఇంటింటికీ పచ్చ డబ్బా, నీలం డబ్బా ఎప్పుడో ఇచ్చారు. నీలం దాంట్లో అత్తయ్య చింతపండు పోసుకుంది. కోదండరామయ్యగారి పచ్చ డబ్బా కారు కడగడానికి పనికొస్తోంది. నేను మాత్రం చదువుకున్నదాన్ని కాబట్టి తడి, పొడి విడివిడిగా ఇస్తాను. గల్లీ చివర చెత్త ఆటో ఎక్కగానే అవి మళ్ళీ ఒకదాన్నొకటి వాటేసుకుంటాయి. ఇంట్లో ఉన్నంతసేపే వాటికి ఎడబాటు.

రెండోది చెట్ల ప్లాను. ట్యాబులో మా గల్లీ కనిపించింది. ప్రతి చెట్టూ ఒక చుక్క. మా బాల్కనీ ముందుది ఎర్రగా ఉంది.

"ఎరుపంటే?"

"హై రిస్క్ మేడం. హెల్త్ కంప్లయింట్ ఉన్న ఇంటి ముందుది కదా."

"ఇప్పుడు దానికి పూతే లేదు. పైకి చూడండి."

అతను పైకి చూడలేదు, ట్యాబులోకి చూశాడు. "ప్రికాషన్ మేడం. ముందు ఇదొక్కటి పైలట్‌గా తీసేస్తాం. పాపకి తగ్గిందనుకోండి, గల్లీలో మిగతావన్నీ తీసేసి మంచి జాతి మొక్కలు పెడతాం. తగ్గలేదనుకోండి, మిగతావి ముట్టుకోం."

నేను మెల్లగా అర్థం చేసుకున్నాను. నా కూతురు దగ్గితే చెట్లుంటాయి. దగ్గకపోతే పోతాయి. ఇన్నేళ్ళు సైన్సు చెప్పి కూడా ఇంత చక్కటి ప్రయోగం నాకు తట్టలేదు.

"మీరు సరేనంటేనే మేడం" అన్నాడు, చాలా మర్యాదగా.

సరేనన్నాను. పిల్ల ఊపిరి కోసం ఏ తల్లయినా అంటుంది. ఆ ముక్క రాసుకుంటే బాగానే ఉంది. నిజానికి చెట్టు గురించి గాని శాస్త్రం గురించి గాని ఆ క్షణంలో ఏమీ ఆలోచించలేదు. పక్కగదిలో ఈల వినిపిస్తోంది. అది ఆగితే చాలనుకున్నాను.

మే 10

కోఠిలో డాక్టరు దగ్గరికి.

"పుప్పొడి వల్లాండీ?"

"ఉండొచ్చు."

"మా ఇంటి ముందు చెట్టు..."

"ఉండొచ్చు."

"దుమ్మా?"

"ఉండేది ఆబిడ్స్‌లో కదమ్మా."

"పోనీ, ఇది మాత్రం కాదు అని చెప్పగలిగింది ఏదైనా ఉందాండీ?"

ఆయన కాసేపు ఆలోచించి "జాతకం" అన్నాడు. నాకు నచ్చాడు.

కొత్త పఫ్ రాశాడు. ఆయాసం ఉన్నా లేకపోయినా పొద్దున, సాయంత్రం పీల్చాలి. మానకూడదు. మృదుల తల ఊపింది. ఆ పిల్ల తల ఊపడంలో ఎప్పుడూ లోటు చెయ్యదు.

మే 24

కొట్టేశారు.

పొద్దున్నే మిషన్ రంపం వచ్చింది. వెనకే బ్యానరు వచ్చింది. 'ఆరోగ్యకర పట్టణ వృక్ష ప్రణాళిక' అని ఉంది. గాలికి వెనక్కి తిరిగితే తెలిసింది, మొక్కలు నాటిన నాటి బ్యానరుకే రెండో వైపు అచ్చు వేయించారు. మా వార్డులో నిజంగా రీసైకిల్ అయిన వస్తువు నా కళ్ళతో చూడటం ఇదే మొదలు.

కోదండరామయ్యగారు చెట్టు మొదట్లో కొబ్బరికాయ కొట్టారు. ఫోటోకి నిలబడ్డారు. అదే చోటు, అదే నవ్వు.

"నాటినప్పుడు కొబ్బరికాయనే, కొట్టేటప్పుడు కొబ్బరికాయనే" అంది అత్తయ్య బాల్కనీలోంచి, వినిపించేలాగే. "ఈయనకు చట్నీ ముఖ్యం."

మృదుల ముఖానికి మాస్కు కట్టుకుని నా పక్కన నిలబడింది. పై కొమ్మ పడింది, తర్వాత ఇంకోటి. కాకులు లేచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్ళిపోయాయి. బాల్కనీలోకి ఒక్కసారిగా ఎండ దిగింది, పిలవని చుట్టంలా.

"మమ్మీ, ఇది నా వల్లేనా?"

"కాదు."

అంత త్వరగా నేను దేనికీ జవాబు చెప్పను.

మే 25

పరదాలు కొనాలి. సుల్తాన్ బజార్.

జూన్ 1

మొద్దు ఇంకా గల్లీలోనే పడి ఉంది. దాని మీద బోర్డు: 'రీసైక్లింగ్ నిమిత్తం. తాకరాదు.' సాయంత్రం పూట దాన్ని తాకకుండా అందరూ దాని మీద కూర్చుంటున్నారు. మున్సిపాలిటీ మా గల్లీకి ఇచ్చిన మొదటి బెంచీ అంటాడు మా ఆయన మహీధర్. షాపు మూసి వచ్చి తనూ అక్కడే కూర్చుంటున్నాడు. ఆబిడ్స్‌లో పొద్దస్తమానం జనానికి కళ్ళద్దాలు పెట్టే మనిషి కదా, ఏదైనా కొంచెం దూరం నుంచి చూడటం అతనికి ఇష్టం.

ఆకులన్నీ పార్కులో ఎరువు గుంతలో వేశారు. వాటి మీద ఎవరో ఫంక్షన్‌లో మిగిలిన ప్లాస్టిక్ ప్లేట్లు వేశారు. సాయిచైతన్య నన్ను ఆ గుంతకి 'గ్రీన్ అంబాసిడర్' చేశాడు. నా రాయబారం ప్లేట్లు ఏరడంతో మొదలైంది.

మృదులకి నిన్న కొద్దిగా వచ్చింది. చెట్టు పోయి వారం కదా, అప్పుడేనా.

జూన్ 8

ఇవాళ మృగశిర. నాకు పేపర్లు దిద్దే డ్యూటీ. అలాంటి డ్యూటీ పడినందుకు ఏనాడూ ఇంత సంతోషించలేదు.

నిన్న మహీధర్‌తో గొడవ.

"బతికున్న చేపని మింగిస్తారా? ఊపిరాడని పిల్లతో?"

"నీకు నమ్మకం లేదు. నాకూ లేదు. మా అమ్మకున్నది. మూడిట్ల రెండు ఓట్లు మనయే, అయినా ఆమెనే గెలుస్తది. నువ్వు ఫికర్ చేయకు, నేను వోతున్న గద."

సాయంత్రం ముగ్గురూ ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ నుంచి వచ్చారు. అత్తయ్య ముఖం వెలిగిపోతోంది. కొర్రమీను పిల్ల ఎంత ఉందో వేలు చూపించి చెప్పింది, పక్కింటి వాళ్ళకి చెప్పేసరికి అది జానెడైంది.

"లోపల కదిలింది మమ్మీ" అని మృదుల పొట్ట పట్టుకుని నవ్వింది. కాస్త ఎక్కువే నవ్వింది.

మహీధర్ బాత్‌రూంలో రుమాలు ఉతుక్కుంటున్నాడు. పెళ్ళయ్యాక తన రుమాలు తనే ఉతుక్కోవడం చూడలేదు. చేప మందు మహిమ అనుకున్నాను.

జూన్ 14

ఈల లేదు.

జూన్ 16

ఇవాళా లేదు.

జూన్ 22

వానలు మొదలయ్యాయి. స్కూలు తెరిచారు. మృదుల మెట్లు ఎక్కింది, ఎక్కాక మాట్లాడింది కూడా. గుమ్మంలో నిలబడి ఏదో టీచర్ని వెక్కిరిస్తూ ఒక్క గుక్కలో చెప్పుకుంటూ పోయింది. నేను మాట వినలేదు, ఊపిరి విన్నాను.

ఒక్క ఆయాసం తగ్గితే ఇప్పుడు ఎంతమంది తగ్గించినవాళ్ళో. అత్తయ్య చేపంటుంది. కోదండరామయ్యగారు చెట్టంటారు, వాట్సాప్ గ్రూపులో మృదుల పేరు రాయకుండా 'మన గల్లీ చిన్నారి' అని రాశారు. గల్లీలో చిన్నారులు ఇద్దరే, ఒకడు పాలు తాగుతున్నాడు.

నేను ఎవరితోనూ వాదించడం లేదు. నాకు తెలుసు. పఫ్. ఆ మందు పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరు చెప్పాడు. వారాలు పట్టింది. పని చేసింది. ఇందులో అనుమానానికేముంది.

పఫ్ వల్లే.

జూన్ 28

సాయిచైతన్య ఫోన్. వచ్చే నెల పన్నెండున పార్కులో 'బెనిఫిషియరీ మీట్'. సర్కిల్ ఆఫీసు నుంచి పెద్దసారు వస్తారు. నేను మైకులో రెండు మాటలు చెప్పాలి, వీడియో తీస్తారు. ఆ పై సోమవారం నుంచే మిగతా చెట్లకి మిషన్లు.

"మీరు బోటనీ మేడం కదా, పైగా మదర్. మీ మాటకి వెయిట్ ఉంటుంది."

"మేం మందు కూడా మార్చామండీ."

"అది చెప్పొద్దు మేడం, చూసేవాళ్ళు కన్‌ఫ్యూజ్ అవుతారు."

"చేప మందు కూడా వేయించాం."

"అదసలే వద్దు మేడం."

వెళ్తాను. వెళ్ళి అందరి ముందూ పఫ్ అని చెప్తాను. చెట్టుకీ దీనికీ సంబంధం లేదంటాను. అన్నం వార్చుతూ నా ఉపన్యాసం నేనే రెండుసార్లు విన్నాను. చాలా బాగుంది. గంజి కాస్త చేతి మీద పడింది.

జూలై 3

మృదుల స్కూలు బ్యాగు సర్దుతుంటే పఫ్ కనిపించింది. దాని వెనక ఎన్ని మిగిలాయో చూపించే అంకె ఉంటుంది. దాదాపు కొన్నప్పటి అంకే ఉంది.

సాయంత్రం కూర్చోబెట్టాను.

"ఇది ఎప్పటి నుంచి మానేశావు?"

"మానలేదు మమ్మీ. మొదట్లో వాడాను."

"మొదట్లో అంటే?"

"నోరంతా అదోలా అవుతుంది. మళ్ళీ నీళ్ళు పుక్కిలించాలి. తర్వాత చేప మందు పథ్యంలో వేరే మందులొద్దని నానమ్మ..."

మళ్ళీ ఎప్పుడైనా ఎక్కువై, దారిలో పడిపోతే. గట్టిగా అరిచాను. మామూలుగా నేను అరవను, అందుకే అది ఎలా ఆపాలో తెలియలేదు. "పోనీ ఆ చేపైనా సరిగ్గా మింగావా?" అన్నాను. కోపంలో వచ్చిన మాట, జవాబు కోసం కాదు.

మృదుల కాళ్ళ వేళ్ళు చూసుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"డాడీ రుమాల్లో ఉమ్మేశా."

"చేపనా?"

"నాలిక మీద కొట్టుకుంది మమ్మీ. నా వల్ల కాలేదు. నానమ్మ చెప్పులు వెతుక్కుంటోంది. డాడీ చూసి రుమాలు పెట్టారు."

"మరి అది?"

"బతికే ఉంది. చేపలమ్మేవాళ్ళ టబ్బులో వదిలేశారు డాడీ."

మహీధర్ వచ్చాక అడిగాను. చొక్కా గుండీలు తియ్యడమే చాలా సేపు చేశాడు.

"అమ్మకు జెప్పకు విద్యా. పాపం, ఆమె ఎంత సంబురపడ్డదో."

"అత్తయ్యకి సరే. నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పఫ్ పఫ్ అని అంత ఖుషీగ ఉన్నవ్."

"పఫ్ సంగతి కూడా తెలుసా?"

"జర తెలుసు."

జూలై 4

డాక్టరు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, శుభ్రంగా ఉందన్నాడు. మందు మానినందుకు మృదులని బాగా కోప్పడ్డాడు, మళ్ళీ వాడమన్నాడు.

"మరి దేని వల్ల తగ్గిందంటారు?"

"తగ్గింది కదమ్మా."

"చెట్టు కొట్టేసినందుకా?"

"ఉండొచ్చు."

"వానలకి గాలి కడిగినట్టయింది కదా, అందుకా?"

"అదీ ఉండొచ్చు. ఎదిగే పిల్లలకి వాళ్ళంతట వాళ్ళకే తగ్గుతుంది కూడా."

ఈసారి ఆయన నాకు నచ్చలేదు.

జూలై 8

పఫ్ కాదు. చేప కాదు. మిగిలినవి చెట్టు, వాన, వయసు. ఇందులో మనుషులు చేసిన పని చెట్టు కొట్టడం ఒక్కటే.

కోదండరామయ్యగారి మాట నిజం కావడానికి అవకాశం ఉంది. ఈ వాక్యం రాయడానికి టీ పెట్టుకుని రావాల్సి వచ్చింది.

చెట్టే కారణమైతే మిగతావీ కారణమే. గాలికి ఏ చుక్క ఎరుపో తెలియదు. చలికాలంలో వాటికి పూత వస్తుంది. అప్పుడు మళ్ళీ ఈల, మళ్ళీ ముక్కుకి మాస్కు. ఇప్పుడే అన్నీ తీసేయండని ఒక్క మాటంటే సరిపోతుంది, రంపాలు సిద్ధంగా ఉన్నాయి.

చెట్టు కాకపోతే? మే నెలలో మా గల్లీలో నీడ అంటే అవే. అత్తయ్యా, ఆమె జట్టు ముసలమ్మలూ మధ్యాహ్నం అక్కడే కుర్చీలు వేసుకుంటారు. మొజంజాహి మార్కెట్ నుంచి నడిచొచ్చే వాళ్ళు సంచులు అక్కడే దించి చేతులు మార్చుకుంటారు. మంచి జాతి మొక్కలు పెడతారట. అవి నీడిచ్చేసరికి ఇప్పుడున్న ముసలమ్మల్లో ఎవరూ ఉండరు, నాకు ఆ కుర్చీలో కూర్చునే వయసొస్తుంది.

సాయంత్రం వెళ్ళి ఆ చెట్ల కింద నిలబడ్డాను. ఆకు తుంచి చూశాను, వాసన చూశాను. ఏమీ లేదు. మొగ్గ కూడా లేదు. బోటనీలో పీజీ చేసినదాన్ని, పోలీసులా చెట్టు జేబులు తడుముతున్నాను. కోదండరామయ్యగారు కారు తుడుచుకుంటూ "ఏమ్మా, చివరి చూపా?" అన్నారు.

జూలై 12

జరిగింది జరిగినట్టు రాయాలి. రేపటికి నాకు అనుకూలంగా మారిపోతుంది.

పార్కులో టెంటు. ఎరువు గుంత మీద పచ్చ కార్పెట్ పరిచారు, వాసన మాత్రం కార్పెట్ మాట వినలేదు. గల్లీలో మొద్దుని పొద్దున్నే ఎక్కడికో ఎత్తుకెళ్ళారు, రీసైక్లింగ్ అయినట్టుంది. పెద్దసారు ఆలస్యంగా వచ్చారు, కాస్త వయసు మనిషి, అలిసిపోయి ఉన్నారు. కోదండరామయ్యగారు శాలువా కప్పి, స్వచ్ఛమైన గాలి గురించి మాట్లాడారు. సాయిచైతన్య తెరమీద చుక్కలు చూపించాడు. మా ఇంటి ముందున్న ఎర్ర చుక్క పోయి అక్కడ నవ్వు ముఖం బొమ్మ వచ్చింది. మిగతా గల్లీ అంతా ఎరుపు.

నా పేరు పిలిచారు. మైకు తీసుకున్నాను. ఎదురుగా మృదుల, పక్కన మహీధర్. కెమెరా ఎర్ర లైటు వెలిగింది.

"మా అమ్మాయికి తగ్గిన మాట నిజమే" అన్నాను. తర్వాత వాక్యం రాలేదు. పఫ్ అని చెప్పలేను, చెట్టు కాదని చెప్పలేను, చెట్టే అని అనలేను. మైకులో నా ఊపిరే వినిపించింది.

"జర నాకియ్యి బిడ్డా." అత్తయ్య. ఎప్పుడు లేచి వచ్చిందో.

"సార్, నా పేరు విమల. గీ పిల్లకు నేను నానమ్మను. దమ్ము చెట్టుతోని వోలే, చేపతోని వోయింది. మృగశిర నాడు నాంపల్లిల నేనే నిలవడి ఏపిచ్చిన. ఈడ కూసున్నోళ్ళల్ల ఎందరు మింగిన్రో చెయ్యెత్తున్రి."

టెంటులో సగం చేతులు లేచాయి. ఎవరో చప్పట్లు కొట్టారు.

కోదండరామయ్యగారు లేచారు. "విమలమ్మగారూ, అది శాస్త్రీయం కాదండీ. సారు ముందు..."

"నువ్వు నాటినప్పుడు శాస్త్రమే అన్నవ్. కొట్టినప్పుడు శాస్త్రమే అన్నవ్. నా చేప ఎప్పుడూ ఒక్క తీరుగనే ఉన్నది."

జనం నవ్వారు. పెద్దసారు కూడా నవ్వారు, వచ్చినప్పటి నుంచి మొదటిసారి. "మా అమ్మ కూడా ఏటా వేయించుకుంటదమ్మా" అన్నారు. దాంతో సాయిచైతన్య ముఖంలో పథకం కూలిపోవడం నేను స్పష్టంగా చూశాను. పెద్దసారు అమ్మగారి చేపని కాదనే ఆప్షన్ అతని ట్యాబులో లేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. పెద్దసారు నా వైపు తిరిగారు.

"మీరు బోటనీ అట కదమ్మా. మీరేమంటారు?"

మహీధర్ తన చెప్పులు చూసుకుంటున్నాడు. మృదుల నన్నే చూస్తోంది. అబద్ధమని ఆ టెంటులో మాకు ముగ్గురికే తెలుసు.

"మా అత్తయ్య చెప్పారు కదండీ" అన్నాను.

ఇన్నేళ్ళ చదువు చివరికి ఆ ముక్క దగ్గరికి వచ్చి ఆగింది.

"అయితే ఇప్పుడే తొందరెందుకు, హోల్డ్‌లో పెట్టండి" అన్నారు పెద్దసారు. సాయిచైతన్య అక్కడికక్కడే చుక్కలన్నీ పసుపు రంగులోకి మార్చాడు. సమోసాలు పంచారు. ప్లాస్టిక్ ప్లేట్లలో.

జూలై 13

అత్తయ్య పూలు గుచ్చుతూ అడిగింది. "నిన్న నేను మాట్లాడింది నీకు నామోషీ అయిందా?"

"లేదు అత్తయ్యా."

"గా చెట్ల కింద కూసోకుంటే నాకు పొద్దువోదు బిడ్డా. ఈ వయసుల ఇంకేడికి వోను."

"మరి చేప వల్లే తగ్గిందని నిజంగా అనుకుంటున్నారా?"

"ఔ. అదీ నిజమే."

ఆమెకి రెండూ ఒకే దారంలో ఇమిడిపోయాయి. నేను ఒక్కటి కూడా గుచ్చలేకపోతున్నాను.

జూలై 20

సాయిచైతన్య కనిపించాడు. ముఖం ముడుచుకునే ఉన్నాడు. "పసుపంటే అండర్ అబ్జర్వేషన్ మేడం. వింటర్‌లో పాపకి మళ్ళీ వస్తే నాకొక్క కాల్ చెయ్యండి చాలు. సార్‌తో నేను మాట్లాడుకుంటా."

నంబరు సేవ్ చేసుకున్నాను. ఏ పేరుతో సేవ్ చెయ్యాలో ఆలోచించి 'చెట్లు' అని పెట్టాను.

ఆగస్టు 3

పఫ్ ఇప్పుడు నా ఎదురుగానే పీలుస్తోంది. అంటే చలికాలంలో రాకపోతే, ఈసారి కూడా ఎందుకు రాలేదో తెలియదు.

ఆదివారం కదా, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడటానికి మృదులా నేనూ నడిచి వెళ్ళాం. తిరిగొస్తుంటే మా గల్లీ మొదట్లో చెట్ల కింద ఆగింది. నాకు తెలియకుండానే దాని ఊపిరి విన్నాను. మామూలుగానే ఉంది.

"మమ్మీ, నువ్వు టెన్షన్ పడకు" అంది. నన్ను ఓదార్చే గొంతుతో, మహీధర్ వాళ్ళమ్మని ఓదార్చే గొంతుతో. "చలికాలంలో నాకు మళ్ళీ వచ్చినా ఎవరికీ చెప్పన్లే."

"ఎవరికీ అంటే?"

"ఆ సాయిచైతన్య సార్‌కి. నీకు కూడా. చెప్తే నువ్వు మళ్ళీ స్టేజీ మీద అలా నిలబడాలి కదా. చెట్లు కూడా పోతాయి. పఫ్ పీల్చుకుంటా, కొంచెం తక్కువ మాట్లాడతా. అంతే."

ఎంత మామూలుగా చెప్పిందో. ఉమ్మేసిన చేప గురించి చెప్పినట్టే. ఒకరి సంతోషం కోసం దాచడం ఈ ఇంట్లో అందరం బాగానే నేర్పాం.

అలా చెయ్యకూడదన్నాను. ఏ కొంచెం వచ్చినా నాకు చెప్పాలన్నాను. తల ఊపింది.

అప్పటి నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. చెట్లుంటే పిల్ల ఊపిరి దాచుకుంటుంది. అవి లేకపోతే దాచాల్సిన పని ఉండదు. ఆ లెక్కన రేపే ఫోన్ చేసి, మీ చుక్కలన్నీ ఎరుపు చేసుకోండి, కొట్టేయండి అనాలి. వాటికి నిజంగా పాపం ఉందా లేదా అన్నది ఇక అనవసరం. కాని అప్పుడు మళ్ళీ బాల్కనీలో నా పక్కన నిలబడి, నా వల్లేనా అని అడుగుతుంది. ఈసారి కాదు అనలేను.

ఫోన్ చెయ్యాలో వద్దో నాకు తెలియదు. పొద్దుటి నుంచి ఆలోచించాను, ఇప్పటికీ తేలలేదు. డిసెంబరు వచ్చే లోపు తేల్చుకోవాలి. తేల్చుకుంటానని కూడా నమ్మకంగా రాయలేను.